అలమరాలో రెండొందల పన్నెండు కట్టలు

కూర్చోరా అబ్బాయ్, వడ్రంగి అన్నవాడు నిలబడి టీ తాగకూడదు. ఆ సంచి కింద పెట్టు. మీ పిన్ని పిలవగానే మా ఇంటికి పరిగెత్తుతున్నావు గానీ, అక్కడ ఏం పీకబోతున్నావో తెలుసా నీకు? గోడ అలమరా అనుకుంటున్నావు. నా నలభై ఏళ్లు పీకబోతున్నావు! చెల్లెమ్మా, వీడికి ఇంకో టీ పొయ్యి.

"ఇది మూడోది అన్నయ్యా," అంది టీ కొట్టు ఆవిడ.

మూడోదో ముప్పయ్యోదో, నువ్వు పొయ్యి తల్లీ. నా గోడు ఎవరికి చెప్పుకోను? పొద్దున లేచిన దగ్గర్నుంచీ ఇంట్లో ఒకటే పాట. కుట్టుమిషను పెట్టుకోడానికి చోటు లేదు, ఆ అలమరా ఊడదీయించు, ఆ పెట్టెలన్నీ గోనెసంచిలో పోసి అటక మీద పడెయ్యి. అటక మీద! అక్కడ ఎలుకలు కాపురాలు చేస్తున్నాయి. నా రెండొందల పన్నెండు టారో కట్టలు ఎలుకలకి ఫలహారమా?

"టారో అంటే జోస్యం చెప్పే బొమ్మల పేకే కదా?" అన్నాడు ఎదురు బెంచీ మీద పేపరు చదువుతున్న రిటైరైన బస్సు డ్రైవరు.

అవే బావా. కట్టకి డెబ్బై ఎనిమిది ముక్కలు. మామూలువాటి మీద మృత్యువు, కూలే బురుజు, తలకిందులుగా వేలాడే మనిషి, చూస్తేనే జ్వరం వస్తుంది. నావి నవ్వించేవి. పిల్లుల కట్ట ఉంది, అందులో చక్రవర్తి ఎవరనుకున్నావు? ఉతికిన బట్టల బుట్టలో పడుకున్న పిల్లి. పళ్ల డాక్టర్ల కట్ట ఉంది, బురుజు బదులు దవడ పన్ను కూలుతుంది. ఇక ఆఫీసు గుమాస్తాల కట్ట! పెట్టె మీది బొమ్మలో కుర్చీకి కోటు తగిలించి ఉంటుంది, మనిషి ఉండడు. లోకంలో ఇదొక్కటే మిగిలింది. మీ పిన్ని మాటలు విన్నాక ఇంట్లో వదల్లేక జేబులో పెట్టుకొచ్చాను, చూడు. పైన ప్లాస్టిక్ కవరు కూడా నలగలేదు. దాచుకునేవాడికి ఒకటే నియమం, సీలు తీయకూడదు. తీస్తే అది వట్టి పేక. ఇన్నేళ్లలో ఒక్క కట్టకీ గోరు తగలనివ్వలేదు నేను. మీ పిన్ని ఒకసారి గుడ్డతో దులపబోతే వారం రోజులు మాట్లాడలేదు. ఆవిడ ఆ సంగతి గమనించలేదనుకో, అది వేరే విషయం.

అసలు వీటి మహిమ చిన్నగానే మొదలైంది. పక్కింటి పిల్లి కడుపుతో ఉంటే, పిల్లుల కట్ట పరిచి నాలుగు పిల్లలన్నాను. నాలుగే పెట్టింది.

"పిల్లులన్నాక పెట్టవా ఏంటి?" అన్నాడు డ్రైవరు.

ఆగు బావా! నాలుగోదానికి ఎడమ చెవి మీద మచ్చ ఉంటుందనీ, అది చేప ముట్టదనీ కూడా చెప్పాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పళ్ల డాక్టర్ల కట్టలోంచి ఒక్క ముక్క తిప్పేసరికి వీధి వీధంతా పంటినొప్పి మాయం! ముసలాళ్లకి కొత్త పళ్లు మొలిచాయి. వీధి చివర డాక్టరు పాపం బోర్డు మార్చుకుని గొడుగులు బాగుచేసుకుంటున్నాడు.

"మరి నీ పళ్లేవి అన్నయ్యా?" అంది టీ కొట్టు ఆవిడ.

నా వంతు వచ్చేసరికి కట్టలో ముక్కలు అయిపోయాయమ్మా. మధ్యలో అడ్డు రాకు, అసలే ప్రాణం విసిగిపోయి ఉంది. ఈ గుమాస్తాల కట్టని స్టేషన్లో పరిచాను. మొదటి ముక్క మీద గుమాస్తా ముద్ర కొడుతుంటాడు. అది తిప్పితే, ఎప్పుడూ రెండు గంటలు ఆలస్యంగా వచ్చే రైలు రెండు గంటలు ముందే వచ్చి నిలబడింది. స్టేషన్ మాస్టరు నా చేతులు పట్టుకుని, బాబూ, జనం ఇంకా ఇళ్లలో స్నానాలు చేస్తున్నారు, దీన్ని వెనక్కి పంపండి అని ఏడ్చాడు. పంపాను! రెండో ముక్క మీద ఫైళ్ల గుట్ట వెనక ముసలాడు దాక్కుని ఉంటాడు. అది తిప్పిన రోజు సూర్యగ్రహణం. సూర్యుడు ఓ మూల నల్లబడుతున్నాడు, నేనింకా టీ తాగలేదు. ముక్క ఎత్తి చూపించాను. ఆగిపోయాడు! అరగంట! గ్లాసు కింద పెట్టి, ఊఁ, ఇక కానియ్ అన్నాకే కదిలాడు. అలాంటి కట్టని గోనెసంచిలో పోస్తానంటుందిరా మీ పిన్ని. చెప్పు, ఆ అలమరా మీద సుత్తి వెయ్యడానికి నీకు చేతులెలా వస్తాయి?

వడ్రంగి మూడో గ్లాసు ఖాళీ చేసి మూతి తుడుచుకున్నాడు. "బాబాయ్, సీలు తీయలేదన్నావు."

అన్నాను. గోరు కూడా...

"మరి ముక్కలెలా పరిచావు?"

డ్రైవరు పేపరు దించాడు. టీ కొట్టు ఆవిడ గరిటె ఆపింది. నేను కట్టని గబగబా జేబులోకి తోసెయ్యబోయాను.

"పోనీ ఇప్పుడు తియ్యి," అన్నాడు వాడు. "అలమరా పీకాలో వద్దో ఆ కట్టనే అడుగు. అదేం చెబితే అదే చేస్తా."

ఏం చెయ్యను? రెండొందల పదకొండు ఒక పక్క, ఇదొక్కటీ ఒక పక్క. కళ్లు మూసుకుని కవరు చింపాను. ఆ చప్పుడు ఇంకా నా చెవుల్లోనే ఉంది. ఒక ముక్క లాగి బల్ల మీద పడేశాను.

ముద్ర కొట్టే గుమాస్తా లేడు. ఫైళ్ల వెనక ముసలాడూ లేడు. మూసేసిన కిటికీ, దానికి వేలాడుతూ ఒక బోర్డు: "రేపు రండి."

వడ్రంగి ఇంకోటి తీశాడు. "రేపు రండి." డ్రైవరు నాలుగు తీశాడు. టీ కొట్టు ఆవిడ చేతులు తుడుచుకుని వచ్చి మిగతావన్నీ పరిచింది. డెబ్బై ఎనిమిదీ అదే కిటికీ, అదే బోర్డు.

"ఇన్నేళ్లూ దాచింది దీన్నా అన్నయ్యా?" అంది.

వడ్రంగి సంచి భుజానికెత్తుకుని, మా ఇంటి వైపు కాకుండా వాళ్లింటి వైపు తిరిగాడు. "డెబ్బై ఎనిమిది సార్లు చెప్పాక కూడా వెళ్తే బాగుండదు. రేపొస్తా. పిన్నికి మాత్రం నువ్వే చెప్పుకో." నాలుగడుగులు వేసి వెనక్కి చూశాడు. "రేపటికి ఇది పనికిరాదు బాబాయ్. ఇంకో సీలు చూసుకో."