అధ్యక్షులవారి పేజీలు

రచయితల సదస్సు జరుగుతున్న కాలేజీ ఆవరణలో, భోజనాల వేళ, కారు పక్కన ఇద్దరు: కథలు రాసే లెక్చరరమ్మ, ఆమెను తీసుకొచ్చిన బాబాయి.

"తాళాలిటివ్వు బాబాయ్. నేనే నడుపుతా. వెళ్ళిపోదాం."

"భోజనమైనా..."

"వాంతొచ్చేలా ఉంది."

"అప్పుడే తినేశావా?"

"తిండి కాదు, వాళ్ళు. పొద్దుట్నుంచీ ఒకరి డప్పు ఒకరు కొట్టుకోవడమే. నా పక్కనాయన చెవిలో పుల్ల తిప్పుకుంటూ 'అద్భుతం, అద్భుతం' అన్నాడు. ఆ పుల్ల తీసి నా కుర్చీకి తుడిచాడు."

"అద్భుతమే మరి."

"నవ్వకు."

"రావాలని నెలరోజులు నా ప్రాణం తోడేశావు కదే."

"మా స్టాఫ్‌రూమ్‌లో కథ అంటేనే నవ్వుతారు. ఇక్కడ రాసేవాళ్ళలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు మనసువిప్పి మాట్లాడితే చాలనుకున్నా. దొరకలేదు. ఇక రాయను. తాళాలు."

"భోజనాలయ్యాక నువ్వు నీ కథ చదవాలిగా?"

"ఎవడు వింటాడు?"

"సరే గానీ, అధ్యక్షులవారి ప్రసంగం ఎలా ఉంది?"

"ఎందుకూ?"

"ఊరికే."

"నువ్వు ఊరికే అడగవు. ఏం చేశావు?"

"నేనేం చేశానూ... ఆయన బాత్రూంకి పోతూ ఫైలు పట్టుకోమన్నాడు. పట్టుకున్నా."

"పట్టుకుని?"

"చేతులు దురదపెట్టవూ? పేజీలు కాస్త కలిపా. పేకముక్కల్లా."

"బాబాయ్..."

"నెంబర్లు వేసుకోవద్దూ పెద్దమనిషి? మొదట్లోనే 'ఇంతటితో ముగిస్తున్నాను' అన్నాడు. అని, అరగంట చదివాడు. ఆయనకే తెలీలేదు. హాలంతా చప్పట్లు."

"ఛీ. చూశావా? ఒక్కరూ వినలేదు. సిగ్గులేకుండా చేతులెలా వచ్చాయో చప్పట్లు కొట్టడానికి."

"ఊఁ. చేతులు."

"ఏంటా చూపు?"

"నీ వెనక వరసలోనే కూర్చున్నానే."

"నేనూ... నేను కొట్టానా?"

"అందరూ ఆపేశాక కూడా."

"నా కథ దిద్దుకుంటున్నా. అందరూ కొడితే... ఛీ. నేనూ ఆ మందలో దాన్నే. నా మొహం నేనే చూసుకోలేను. ముందు తాళాలివ్వు."

"ఇస్తా, ఇస్తా. ఆ మెట్లమీద ఒక్కతే కూర్చుందే, కళ్ళజోడావిడ..."

"ఎవరావిడ?"

"నవలలు రాస్తుందట. పేజీలు తారుమారయ్యాయని నా చెవిలో అంది. హాలు మొత్తంలో కనిపెట్టింది ఆవిడే."

"అయితే ఇంకా నయం. ఒక్కరైనా విన్నారు. ఆవిడ ఎదుటికి నేనెలా వెళ్ళను? చప్పట్లు కొట్టినదాన్ని."

"ఆవిడా కొట్టింది తల్లీ, తెలిసి తెలిసీ. అందరూ కొడుతుంటే తానొక్కతే ఊరుకోలేకపోయిందట. తనమీద తనకే అసహ్యమేసి, అన్నం మానేసి అక్కడ కూలబడింది. ఇక రాయనంటోంది. ఇవిగో నీ తాళాలు."