పొలిమేర రాయికి మేకు ఎందుకుంది

రేగులపాడు సుంకులమ్మ, బురుజుపల్లె మద్దమ్మ ఇద్దరూ రోజూ తొలికోడి కూతకు లేచి, ఒకే ఇసుర్రాయి దగ్గర ఎదురెదురుగా కూచొని జొన్నలు విసురుకునేవాళ్ళంట. ఇప్పుడు విసరడం లేదు. ఎందుకు లేదో అదే కథ. రేగులపాడులో చిట్టచివరి ఇల్లు సుంకులమ్మది, బురుజుపల్లెలో మొట్టమొదటి ఇల్లు మద్దమ్మది, రెండిళ్ళకీ పెరడు ఒకటే. పెరట్లో ఒక పందిరి, పందిరి కింద ఇసుర్రాయి. పేరుకి రెండూళ్ళు అనుకో, కోడిపెట్ట ఈ ఊర్లో గుడ్డు పెట్టి ఆ ఊర్లో పొదిగేది. ఇద్దరికీ మొగుళ్ళు పోయినారు. ఒకరినొకరు వదినా అంటే వదినా అనుకునేవాళ్ళు. చుట్టరికం ఏమీ లేదు, ఇరవై ఏండ్లు ఒకే పిడి పట్టుకున్నారు, అదే చుట్టరికం అనుకో. ఇసుర్రాయి సంగతి మీకు తెలుసు గదా, ఒక్కతే తిప్పితే నడుము పడిపోతాది, ఇద్దరు పడితే అదే తిరుగుతాది. ఒకరు తోస్తే ఒకరు లాగాల. చూసేవాళ్ళకి ఎవరు తోస్తాండారో ఎవరు లాగుతాండారో తెలిసేది కాదంట. వాళ్ళకూ తెలిసేది కాదంట.

ఆ కాలంలో ఏడూళ్ళ కట్టు అని ఒకటి ఉండేది. అంతకుముందు ఆ ఏడూళ్ళవాళ్ళూ కట్టెలు తీసుకొని కొట్టుకొని, కొట్టుకొని, ఇంక కొట్టుకోవడానికి మనుషులు చాలక ఒక పొద్దు కూచొని కట్టు కట్టుకున్నారంట. ఏమని? ఒక ఊరి కుండ ఇంకో ఊరికి పోతే ఎవరూ ఆపకూడదు. ఒక ఊరి ఎద్దు ఇంకో ఊరి బీట్లో మేస్తే ఎవరూ తోలకూడదు. యాడికి పోతాండావు, ఏం తీసుకపోతాండావు అని ఎవరూ ఎవరినీ అడగకూడదు. ఎద్దు పగ్గం పొడుగు ఏడూళ్ళలోనూ ఒకటే ఉండాల. ఇంక పొలిమేరల్లో కావలి లేదు, కంచె లేదు, పొలిమేర రాళ్ళకి పని లేదు. ఒక ఊర్లో ఆ రాయి బట్టలుతికే బండ అయింది. ఇంకో ఊర్లో బర్రెను కట్టేసే రాయి అయింది. బురుజుపల్లెకీ రేగులపాడుకీ నడుమ ఉండే రాయి ఏమైందో తర్వాత చెప్తా, నేను మర్చిపోతే మీరు గుర్తు చేయండి.

ఏమైందంటే, ఆ ఏడిట్లో బురుజుపల్లె పెద్దది. పెద్దదని వాళ్ళే చెప్తారు, మనం అడక్కపోయినా చెప్తారు. ఒకప్పుడు అక్కడ దొర ఉండేవాడు, దొరకి బురుజు ఉండేది. రేగులపాడోళ్ళు ఆ బురుజు ముందర పోవాలంటే చెప్పులు విడిచి చంకలో పెట్టుకొని పోవాల. దొర పోయినాడు. బురుజు సగం కూలింది, మిగతా సగం మీద మేకలు ఎక్కుతాయి. అయినా ఆ ఊరోళ్ళు నడిచేటప్పుడు చూడండి, ఇంకా బురుజు మీద నుంచి నడుస్తాండట్టే ఉంటాది. ఆ ఊర్లో లింగప్ప అని ఒకడు, గొంతు పెద్దది. ఒకరోజు బురుజెక్కి మొదలుపెట్టినాడంట, మన ఎద్దు పగ్గం ఎన్ని మూరలుండాలో ఆ ఆరూళ్ళోళ్ళు చెప్పేదేంది, మన ఎద్దు, మన పగ్గం, మన మూర! జనం చప్పట్లు కొట్టినారు. ఎద్దు లేనోళ్ళు ఇంకా గట్టిగా కొట్టినారు. మూడు నెలలు అదే అరుపు. చివరికి ఇంటికొక గింజ అన్నారు. కట్టులో ఉండాలనేవాళ్ళు కుండలో జొన్నగింజ వేయాల, తెంచుకొని పోవాలనేవాళ్ళు చింతగింజ వేయాల. వేసినారు. కుండ బోర్లించి చూస్తే దోసెడు చింతగింజలు ఎక్కువొచ్చినాయి. లింగప్ప మొహం అప్పుడు చూడాల్సిందంట. గెలుస్తానని వానికీ తెలీదు పాపం. మరుసటి పొద్దున చెల్లెలి ఊరికి పోయి పది రోజులు కనపడలేదు.

ఈ మాట రేగులపాడుకి వచ్చింది. రేగులపాడులో ఏ మాటైనా ముందు కమ్మరి ఈరప్ప కొలిమి దగ్గర దిగాల. అక్కడ గిడ్డయ్య తాత ఉన్నాడు, ఎనభై ఏండ్లోడు. వాళ్ళ జేజినాయన చెప్పులు చంకలో పెట్టుకొని నడిచినోడు. తాత మాట వినీ వినకముందే లేచి, తన చెప్పులు విడిచి, చంకలో కాదు, నెత్తిన పెట్టుకొని, బురుజు వైపు తిరిగి ఒక ఆట ఆడినాడంట. పోనీండిరా, పోయేవాళ్ళకి తడిక తీసిపెట్టండి, దోవలో రాయి రప్ప ఉంటే ఎత్తి పక్కనెయ్యండి, కాలికి తగిలి మళ్ళీ వెనక్కి తిరిగేరు! అందరూ కడుపులు పట్టుకొని నవ్వినారు. ఈరప్ప కూడా నవ్వినాడు. నవ్వి, కొలిమి తిత్తి ఆపి, అదిసరే తాతా, మన ఉప్పుబండ్లు ఏ దోవన వస్తాయి అన్నాడు. ఉప్పుబండ్లు వచ్చేది బురుజుపల్లె నడివీధిలో నుంచి గదా. నేను చేసిన కొడవండ్లు ఏ దోవన పోతాయి అన్నాడు. నా కూతుర్ని ఇచ్చింది ఏ ఊరికి అన్నాడు. అప్పుడు ఒకడు అడిగినాడంట, మరి వాళ్ళు గింజ వేసేముందు మన గురించి ఏమనుకున్నారో? అని. ఆ ఊరి సంతకు పోయొచ్చిన వాళ్ళని పిలిచి అడిగినారు, మూడు నెలలు అరిచినారు గదా, మన ఊరి పేరు ఎన్నిసార్లు వచ్చింది? ఒక్కసారి కూడా రాలేదంట. తిట్టడానికైనా తల్చుకోలేదంట. గిడ్డయ్య తాత చెప్పులు దించి కాళ్ళకి వేసుకున్నాడు. కోపం అప్పుడొచ్చింది ఆయనకి. చెప్పులు విడవమన్నోడు మన కాళ్ళనైనా చూసినాడురా, వీళ్ళు అదీ చూడలేదు అన్నాడు.

ఇంక పోవాలన్నారు గదా, పోయినారా? పోలేదు. ఎట్లా పోవాలో వాళ్ళకి తెలీదు. మూడేండ్లు బురుజు మీద కొట్లాట, మూడేండ్లలో నలుగురు ఊరిపెద్దలు మారినారు. సాయంత్రమైతే రేగులపాడోళ్ళు గోనెపట్టలు పరుచుకొని, వేయించిన శెనక్కాయలు ఒళ్ళో పోసుకొని, ఆ బురుజు వైపు చూస్తా కూచునేవాళ్ళంట, వీధిభాగోతానికి కూచున్నట్టు. ఒకడు కంచె కావాల అంటాడు. ఇంకొకడు కంచె వద్దు గానీ అవతలోళ్ళు రాకూడదు అంటాడు. మూడోవాడు లేచి, కంచె ఉంటాది గానీ కనపడదు అన్నాడు. ఈరప్పకి ఉండబట్టలేదు. ఇక్కడ్నించే గట్టిగా, కనపడని కంచెకి కనపడని మేకులు నేను చేసిస్తా, కూలి మాత్రం కనపడాల! అని అరిచినాడంట. మొన్న పేపరు చదివే పంతులు చెప్పినాడు, సముద్రాలకి అవతల ఐర్లాండు అని ఒక దీవి ఉందంట, దాన్ని ఏలి వదిలిపెట్టిన పక్కదేశం ఇట్లాగే పెద్ద కట్టులో నుంచి తెంచుకొని పోతే, ఆ దీవోళ్ళకి నవ్వాల్నో తిట్టాల్నో భయపడాల్నో తెలీక మూడూ ఒకేసారి చేసినారంట. నేనన్నాను, అయ్యా పంతులూ, వాళ్ళు మా రేగులపాడోళ్ళకి చుట్టాలై ఉండాల, బాగా కనుక్కో.

సరే. ఇదంతా జరిగినన్నాళ్ళూ పెరట్లో ఇసుర్రాయి తిరుగుతానే ఉంది. మద్దమ్మ రోజూ అనేది, మా ఊరి మొగోళ్ళకి పిచ్చి పట్టింది వదినా అని. సుంకులమ్మ అనేది, మీ ఊరోళ్ళకి పట్టిన పిచ్చికి మా ఊరోళ్ళు శెనక్కాయలు తిని కడుపునొప్పి తెచ్చుకుంటాండారు వదినా అని. నవ్వుకునేవాళ్ళు. చివరికి ఏమైందంటే, కంచె వేయాల్సిందే అని తేలింది. కంచె వేయాలంటే పొలిమేర యాడుందో తెలియాల. పొలిమేర తెలియాలంటే రాయి దొరకాల. రాయి లేదు! లింగప్ప తన మనుషులతో వచ్చినాడు, కట్టులో మిగిలిన ఆరూళ్ళ పెద్దలూ వచ్చినారు, చేన్లు తవ్వినారు, వాగు తవ్వినారు, గిడ్డయ్య తాత ఇక్కడే ఉండేది అని చెయ్యి చూపిన చోటల్లా తవ్వినారు. తాతకి ఎరువుదిబ్బ ఖాళీ చేయించే పని ఉండి ఆ చెయ్యి అటు చూపించినాడని తర్వాత తెలిసింది. మూడు నెలలు వెతికినారు. ఆ, ఇప్పుడు గుర్తు చేయాల మీరు. ఆ రాయి ఏమైందంటే, కట్టు కట్టుకున్న ఏడాది ఈ రెండిళ్ళ అత్తలూ ఆ నిలువురాయిని ఉన్న చోటే మెడ దాకా భూమిలోకి దింపించి, తల గుండ్రంగా చెక్కించి, నడుమ ఇనుపమేకు దిగ్గొట్టించి ఇసుర్రాయికి అడుగురాయి చేయించుకున్నారు. చచ్చిపోయేముందు కోడళ్ళకి చెప్పినారు. మరి మొగోళ్ళకి చెప్పలేదా అంటావు. ఇసుర్రాయి గురించి ఏ మొగోడు ఎప్పుడడిగినాడమ్మా? అందుకని వాళ్ళు ఊరంతా తవ్వుతాంటే వీళ్ళిద్దరూ ఆ రాయి మీదనే పిండి విసురుతా, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా కూచునేవాళ్ళంట. చూసుకుంటే నవ్వొస్తాదని.

ఒకరోజు పొద్దున తవ్వేవాళ్ళు పెరటి దాకా వచ్చినారు. గోడ అవతల తాడు పట్టుకొని కొలుస్తాండారు. సుంకులమ్మ నవ్వుతా, పిండిలో చెయ్యి పెట్టి, పాపం వదినా, నీ జొన్నగింజ దండగైపోయింది అనింది. రాయి నిలబడిపోయింది. సుంకులమ్మ లాగుతాంది, మద్దమ్మ తోయడం లేదు. ఏం వదినా అంటే, వదినా నేను జొన్నగింజ వేయలేదు అనింది. మరి? చింతగింజే వేసినాను. సుంకులమ్మ పిడి వదల్లేదు. ఎందుకట్లా చేసినావు అనింది. మద్దమ్మ తల దించుకొని చెప్పింది. "లింగప్ప బురుజు మాట ఎత్తినాడు వదినా. ఆ బురుజుకి ఏటేటా సున్నం కొట్టింది మా నాయన. నన్ను భుజాన ఎక్కించుకొని పైకి తీసుకపోయి ఊరంతా చూపించినాడు. అది మనసులోకి వచ్చి కండ్లలో నీళ్ళు తిరిగినాయి. కండ్లు తుడుచుకొని చూసేసరికి గింజ కుండలో ఉంది." "ఇసుర్రాయి గుర్తు రాలేదా?" "రాలేదు." "నేను?" మూడేండ్లు దాచింది గదా, ఇంక ఒక్క అబద్ధానికి కూడా ఓపిక లేకపోయింది మద్దమ్మకి. "నువ్వూ రాలేదు వదినా. నువ్వు ఎప్పుడూ ఎదురుగానే ఉంటావు. ఎదురుగా ఉండేదాన్ని తల్చుకునేదెట్లా?"

ఇప్పుడు మీరే చెప్పండి, ఆ మాటలో ప్రేముందా లేదా? ఉంది. నాకు తెలుస్తాంది, మీకు తెలుస్తాంది. సుంకులమ్మకి ఆ గడియలో తెలీలేదు. కొలిమి దగ్గర ఊరంతా ఏ మాటకి మండిందో ఆ మాట ఆమెకి తన పెరట్లో, తన పిడి పట్టుకున్న మనిషి నోట వినపడింది. లేచి నిలబడి, గోడ మీదుగా, "ఓ పెద్దమనుషులారా! మూడు నెలలుగా గుంతలు తవ్వుతాండారే, ఇట్లా రండి, మీ పొలిమేర రాయి మీద మేం పిండి విసురుతాండాం!" అని అరిచింది. అరిచినాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది గానీ, మాట గోడ దాటిపోయింది. అందరూ దూకి వచ్చినారు. లింగప్ప వంగి, పక్కన పేరుకున్న పిండి కండువాతో దులిపితే, పొలిమేర రాళ్ళకి ఉండే సూర్యుడొక పక్క, చంద్రుడొక పక్క, చెక్కినవి చెక్కినట్టే ఉన్నాయంట. ఆమె నోరు మూసుకొని ఉంటే ఏమయ్యేది? రాయి దొరక్క ఇంకో మూడేండ్లు వెతికేవాళ్ళు, ఆ తర్వాత వాళ్ళ కొడుకులు వెతికేవాళ్ళు, గిడ్డయ్య తాత దిబ్బలన్నీ తరలిపోయేవి, ఇసుర్రాయి తిరుగుతానే ఉండేది. ఏం చేస్తాం. గడ్డపారలు తెచ్చినారు. లేవండమ్మా అన్నాడు లింగప్ప.

సుంకులమ్మ లేవలేదు. ఎప్పుడు కూచుందో, మళ్ళీ పిడి దగ్గర కూచొని ఉంది. చేటలో ఇంకా జొన్నలున్నాయి గదా, సగం విసిరి లేచేది యాడన్నా ఉందా అనింది. అవి అయ్యేదాకా మీ కట్టూ ఆగాల, మీ కంచే ఆగాల, నువ్వూ ఆగాల లింగప్పా, పోయి ఆ నీడన కూచో అనింది. ఆరూళ్ళ పెద్దలూ, బురుజుపల్లె పెద్దలూ, గడ్డపారలు ఒళ్ళో పెట్టుకొని వరసగా కూచున్నారంట. ఇప్పుడు మీరు పోయి చూడొచ్చు, ఆ రాయి పొలిమేరలో నిలబడి ఉంది, నెత్తిన ఇనుపమేకుతో. కావలివాడు దానికి కండువా తగిలిస్తాడు. పై రాయి కోసం మళ్ళీ పంచాయితీ అయితే, పైది కాబట్టి మాదే అని బురుజుపల్లోళ్ళు ఎత్తుకపోయి, బురుజు మీద పెట్టి, దాని కన్నంలో జెండాకర్ర గుచ్చినారు. నన్నడిగితే ఆ జెండా కింద ఇంకా జొన్నపిండి వాసన వస్తాంటాది, మేకలు ఊరికే ఎక్కుతాయా?

అదంతా తర్వాత. ఆ పొద్దు మాత్రం మద్దమ్మ పిడి మీద చెయ్యి వేసింది. తోసింది. సుంకులమ్మ లాగింది. ఏం మాట్లాడుకున్నారని అడుగుతారేమో, ఏమీ లేదు. ఈసారి జొన్నలు పచ్చిగా ఉన్నాయి వదినా అనింది ఒకరు. ఎండకి వేసి ఉంటే బాగుండేది అనింది ఇంకొకరు. చేట ఖాళీ అయింది. కొంచెం ఎత్తి పట్టుకో వదినా అనింది సుంకులమ్మ. మద్దమ్మ పై రాయిని రెండు చేతులతో ఒక పక్కకి ఎత్తి పట్టుకుంది. సుంకులమ్మ ఈతపొరక తీసుకొని రెండు రాళ్ళ నడుమ మిగిలిన పిండి నిదానంగా ఊడ్చి, సగం ఆమె చేటలో పోసి, సగం తన చేటలో పోసుకుంది, రోజూ పోసుకున్నట్టే.