రెండు డిస్కులకూ బొట్టు

అధ్యక్షస్థానంలో ఉన్న మా యజమాని నరసింగరావు గారికి, వారి తల్లిగారు సుభద్రమ్మ గారికి, పిలవగానే వచ్చిన రాజాం వర్తక సంఘం పెద్దలకు, బొబ్బిలి, అరసవల్లి కొట్లు మూసుకుని వచ్చిన మన బ్రాంచీల వాళ్లకు, భోజనాలు ఆలస్యమవుతున్నాయని నా వైపు కాస్త కోపంగానే చూస్తున్న గిడ్డంగి మిత్రులకు నమస్కారాలు. (నవ్వులు)

ఇంతవరకు మాట్లాడిన వాళ్లందరూ తిరుమలరావు చాలా మంచివాడన్నారు. ఈ గోనెసంచుల కంపెనీలోకి కంప్యూటర్లు వచ్చిన నాటి నుంచి నేను చేసిన పని ఒక్కటే, వద్దు అని చెప్పడం. ఎక్కడిదో తెలియని పెన్‌డ్రైవ్ పెట్టొద్దు, పాస్‌వర్డు రాసి గోడకు అంటించొద్దు, సరుకు కొనడానికి వచ్చినవాడి ఫోనుకు ఆఫీసు వైఫై ఇవ్వొద్దు అని రోజూ సణిగే మనిషి ఈ సాయంత్రానికి అందరికీ మంచివాడు ఎలా అయిపోయాడో నాకు తెలియదు. రిటైరయ్యేవాడికి ఇచ్చే రాయితీ అనుకుంటాను.

రేపటి నుంచి ఆ వద్దు చెప్పే పని కుమారిది. నా దగ్గరే పని నేర్చుకున్న మనిషి, నాకంటే బాగా చేస్తుంది. ఆమె మాట ఈ ఆఫీసులో చెల్లుతుందా లేదా అన్నదే ఇన్నాళ్లూ నా బెంగ. శాలువా కప్పుతున్నప్పుడు కూడా అదే ఆలోచిస్తున్నాను. అందుకని, జీఎస్టీ వచ్చిన ఏడు దసరాకు జరిగిన సంగతి, మీరంతా మరిచిపోవాలనుకుంటున్నది, ఒకసారి చెప్పి వెళ్తాను. వర్తక సంఘం వారికి కూడా పనికొస్తుంది.

మన లెక్కలన్నిటికీ నకళ్లు రెండు డిస్కుల్లో ఉండేవి. ఒకటి ఇక్కడ, ఇంకొకటి బొబ్బిలి కొట్టు బీరువాలో. ఒకచోట నిప్పంటుకున్నా, తుపాను వచ్చినా, వైరస్ పట్టినా రెండోది మిగలాలని ఆ ఏర్పాటు. రెండూ ఒకే బల్ల మీదకు రాకూడదు, రెండూ ఒకేసారి సర్వరుకు తగిలించకూడదు. ఇంతే నియమం. ఇది పాటించడానికి పెద్ద చదువులేమీ అక్కర్లేదు.

అయితే ఆయుధపూజ దగ్గర మన పద్ధతి వేరు. లారీకి హారతి ఇస్తే ఇంజను నడుస్తుండాలి. సంచులు కుట్టే మిషనుకు హారతి ఇస్తే సూది ఆడుతుండాలి. ఆగిపోయిన యంత్రానికి హారతి ఇవ్వడం మనకు ఇష్టం ఉండదు. నేను ఆ వారం టైఫాయిడ్‌తో ఇంట్లో పడి ఉన్నాను. అకౌంట్స్ చూసే జోగయ్య గారు, అదిగో తల దించుకున్నారు, పర్వాలేదు బావా, తలెత్తండి, (నవ్వులు) భక్తి కొద్దీ బొబ్బిలి డిస్కును కూడా కారులో తెప్పించారు. "అదీ మనదే గదా, దానికొక్కదానికీ బొట్టు లేపోతే ఏటి బాగుంటాది?" అన్నారట. పసుపు రాశారు, బొట్టు పెట్టారు. లైటు వెలగట్లేదే అని ఎవరో అన్నారు. రెండింటినీ సర్వరుకు తగిలించమన్నారు.

కుమారి ఒక్కతే వద్దంది. సుభద్రమ్మ గారు, "పూజ కాడ కాదనకూడదమ్మా, దేవుడి ముందర ఏటవుతాది?" అన్నారు. ఆ మాటకు ఎదురు చెప్పే వయసూ హోదా ఆమెకు లేవు. తగిలించింది.

ఆ ముందు రోజే మనవాళ్లొకరు, పేరు అనవసరం, కొరియర్ రసీదని వచ్చిన మెయిల్ తెరిచారు. అందులోంచి వచ్చిన వైరస్ ఒక్కో ఫైలుకూ తాళం వేసుకుంటూ వస్తోంది. హారతి అయ్యి కొబ్బరిచిప్పలు పంచేసరికి సర్వరు పోయింది, రెండు డిస్కులూ పోయాయి. తాళం తీయాలంటే డబ్బు కట్టమని తెర మీద బెదిరింపు వచ్చింది. మనం కట్టలేదు, అది మంచి పని. అరసవల్లిలో సూరయ్య తన కంప్యూటరును పూజ పీట దగ్గరకు జరపడానికి నెట్‌వర్క్ వైరు పీకేశాడు కాబట్టి అందులో ఉన్న పాత నకలు మిగిలింది. దాన్ని పట్టుకుని, కాగితం బిల్లులు ముందేసుకుని, మీరంతా దీపావళి దాకా టైపు చేశారు. అది పూజ తప్పని నేను అనను. నెట్‌వర్క్ కూడా దేవుడే చూసుకోవాలని మనం అనుకోవడం తప్పు. (నవ్వులు)

ఆ తరువాత పెట్టిన మీటింగులో యజమాని గారు, "తగిలించింది ఎవులు?" అని అడిగారు. అందరూ కుమారి వైపు చూశారు. "నానేనండి" అంది. ఆమె వద్దన్నదని చెప్పడానికి అక్కడున్న ఒక్కరికీ నోరు రాలేదు. మాన్పించేద్దామన్న మాట కూడా వచ్చింది. చివరికి సుభద్రమ్మ గారే కొడుకు దగ్గరకు వెళ్లి, "నానే బలవంతం సేసినాన్రా, ఆ పిల్ల వద్దన్నాది" అన్నారు. అమ్మా, ఆ ఒక్క మాటతో ఆమె ఉద్యోగం నిలబడింది. మీకు దండం పెట్టాలి.

వద్దన్న మనిషి చేతే చేయించి, చేసినందుకు ఆ మనిషినే తిడితే, ఇక ఏ ఆఫీసులోనూ ఎవరూ వద్దనరు. నాకు అప్పుడు చాలా కోపం వచ్చింది. యజమాని గారూ, అది ఇంకా పోలేదు, ఈ శాలువా కింద కూడా ఉంది.

వర్తక సంఘం పెద్దలు నన్ను ఎప్పుడూ ఏ కంపెనీ యంత్రం కొనమంటారని అడుగుతారు. ఏదైనా కొనండి. కొన్నాక దాని పాస్‌వర్డు మార్చండి, కెమెరాలది కూడా. బ్యాంకు ఖాతా మారిందని సరఫరాదారు నుంచి మెయిల్ వస్తే, మీకు ముందు నుంచి తెలిసిన నంబరుకే ఫోన్ చేసి అడగండి. అప్‌డేట్ కోసం మిషను ఆపి మళ్లీ వేయాలంటే వర్జ్యం చూడకండి, శుక్రవారం అని వాయిదా వేయకండి. నకలు తీయడంతో పని అయిపోయిందనుకోకండి, అప్పుడప్పుడు తెరిచి చూడండి. అన్నిటికంటే ముందు, మీకు ఎదురు చెప్పగల మనిషిని ఒకరిని పెట్టుకుని, ఆ మనిషి ఎదురు చెప్పినప్పుడు వినండి. మా యజమాని గారు విన్నారా అంటే, అది ఇప్పుడు చెప్తాను.

పోయిన వారం ఆయన నన్ను పిలిచి, ఎంతో ఆప్యాయంగా, "నీ పాస్‌వర్డు అలాగే ఉంచీ మావా, బొబ్బిల్లోనే గదా ఉంటావు, ఏటైనా అయితే ఇంటి కాడి నుంచే సూసేద్దువు" అన్నారు. ఉద్యోగం వదిలిన మనిషి తాళంచెవి పట్టుకెళ్లకూడదని ఇన్నేళ్లు చెప్పింది నేనే. అయినా ఆ మాట విని లోపల ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. సరేనండి అనేశాను.

ఈ మధ్యాహ్నం కుమారి యజమాని గారి గదిలోకి వెళ్లి, కుదరదంది. "పెద్దాయన బాధపడతాడే" అన్నారట ఈయన. "పడితే పడనీండి. రేపట్నుంచి ఆయన బయటి మనిషి" అందట. ఈయన, "సరే, నీ ఇష్టం" అన్నారట.

సభకు వచ్చే ముందు అలవాటు కొద్దీ నా కుర్చీలో కూర్చుని లాగిన్ కొట్టాను. అనుమతి లేదని వచ్చింది. తప్పు కొట్టానేమోనని మళ్లీ కొట్టాను. అదే వచ్చింది. తలుపు దగ్గర నిలబడి కుమారి చూస్తోంది. బాధ కలిగింది, దాచను. బెంగ మాత్రం పోయింది. లేచి ఆ కుర్చీ ఆమెకిచ్చి ఇలా వచ్చాను.

నన్ను ఇన్నాళ్లు భరించినందుకు, ఇప్పుడు ఇంతసేపు విన్నందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. బయటి మనిషిని, ఇక సెలవు.