పాలడబ్బా వెలుగులో సాలీడు

జిల్లా వ్యవసాయ ప్రదర్శనలో ఫొటోల గుడారం. ‘మోసం’ అని చీటీ అంటించిన తన సాలీడు ఫొటో ముందు గార్త్ నిలబడ్డాడు. నిజమేదో తేల్చమని కమిటీ పిలిపించిన సాలీళ్ల పరిశోధకురాలు డాక్టర్ ఆన్‌స్లో అతని పక్కనే ఉంది.

"ఆ నెవిల్ క్రాడాక్ నోరు పడిపోను, డాక్టరమ్మా. సాలీణ్ణి చంపి, ఫ్రిజ్‌లో బీరు సీసాల పక్కన బిగుసుకునేదాకా పెట్టి తీశానట. కమిటీ నమ్మేసింది."

"ఆయనకి అంత అనుమానం ఎందుకొచ్చింది, గార్త్ గారూ?"

"అనుమానమా, ఏడుపు. వాడి కెమెరా ఖరీదు నా ట్రాక్టరంత. వాడు తీసిన పువ్వేమో దుమ్ములో గొర్రెలా ఉంది. నా సాలీడికి కళ్ల మీద వెంట్రుకలు కనిపిస్తున్నాయి. కడుపు మండదూ?"

"చేత్తో పట్టుకునే తీశానన్నారట. బియ్యపు గింజంత లేదు ఇది. ఇంత దగ్గరగా చెయ్యి వణక్కుండా ఎలా?"

"వణుకుతుంది. ఎందుకు వణకదు? మా ఇంట్లో విరిగిన చీపురు కర్ర ఉంది. దాన్ని నేలకి ఆనించి, ఎడమచేత్తో కర్రనీ లెన్సునీ కలిపి పట్టుకోవాలి. ముందుకీ వెనక్కీ ఇసుమంత జరుగుతుంది, పక్కకి మాత్రం ఊగదు. ఊపిరి వదిలేసి నొక్కడమే."

"మరి ఈ వెలుగు? ఒంటి మీద ఎక్కడా ఫ్లాష్ పడిన తెల్ల మచ్చ లేదు."

"పాలడబ్బా. ప్లాస్టిక్‌ది. అడుగు కోసి ఫ్లాష్‌కి తొడిగా. లోపల మా ఆవిడ వంటింటి రేకు కాగితం. ఆవిడ ఇంకా వెతుక్కుంటోంది."

"ఫ్రిజ్‌లో పెట్టింది కదలదు కదా. ఇది కదిలిందా?"

"కదలడమా? డాన్సు చేశాడు. ఆడది ఎదురుగా కూర్చుంది. వీడు విసనకర్రలాంటి నీలం పొట్ట వెనక నుంచి ఎత్తి, రెండు కాళ్లూ గాల్లోకి లేపి ఒకటే ఊగుడు. ఆవిడ వాడి మొహం కూడా చూళ్లేదు. ఇవిగో, వరసగా తీసినవి. కాళ్లు ఒక్కోదాంట్లో ఒక్కో చోట."

"అవును. బతికే ఉంది."

"అదీ మాట. చీటీ పీకెయ్యనా?"

"ఆగండి. ఎక్కణ్ణుంచైనా పట్టి తెచ్చి వదిలారేమో అని కూడా ఫిర్యాదులో రాశాడాయన."

"తేవడమేంటి? మా ఉత్తరం కంచె దగ్గరే. వెనకాల నారింజ రంగు కనిపిస్తోందా? పొదలు తీసే హద్దుకి గుర్తుగా నేను కట్టిన రిబ్బను. వచ్చే వారం బుల్డోజరు వస్తోంది. ఆ పొదలన్నీ తీసేసి గోధుమ వెయ్యాలి. ఈ ఏడు నేను గట్టెక్కాలంటే ఆ నేల చెక్కే దిక్కు."

"అక్కడ ఈ ఒక్కటే కనబడిందా?"

"ఒక్కటా? కంచె నుంచి వాగు దాకా ఎక్కడ కర్ర ఆనిస్తే అక్కడ వీడే. పిల్లా జెల్లా, గుడ్ల సంచులతో సహా. వాటి ఫొటోలూ ఉన్నాయి, చూడండి. అబద్ధమైతే చెవి కోసుకుంటా."

"అక్కర్లేదు. ప్రాణంతో ఉంది, పొదల్లో ఉంది, మీ భూమిలోనే ఉంది. ఫొటో నిజమైనదే. కమిటీకి అదే చెప్తాను. మొదటి బహుమతి మీదే."

"నెవిల్ గాడి మొహం చూడాలిప్పుడు."

"ఇంకో మాట. ఈ జాతి పూర్తిగా పోయిందనుకున్నాం మేం. నేను కూడా సీసాలో ఊరబెట్టిందాన్నే చూశాను. ప్రభుత్వానికి చెప్పక తప్పదు. ఇవున్న చోట పొదలు తియ్యనివ్వరు."

"తియ్యనివ్వరంటే? గట్టు పక్క కాస్త..."

"ఒక్క పుల్ల కూడా."

"డాక్టరమ్మా, నెవిల్ పెద్దమనిషి. వాడు చెప్పిందే నిజం. ఫ్రిజ్‌లోనే పెట్టా."

"గుడ్ల సంచులు కూడానా?"

"అవీ అక్కడే. బీరు పక్కన."

"ఫ్రిజ్‌లో సాలీడు డాన్సు చెయ్యదని ఇప్పుడే మీరే చూపించారు. మీ చీపురు కర్ర అంత బాగా పనిచేసింది."

"ఎంత మేర ఆపుతారు?"

"మీరే చెప్పారుగా, అవి ఎక్కడెక్కడ ఉన్నాయో."

"కంచె నుంచి వాగు దాకా... పద్నాలుగు హెక్టార్లు."