రెండింటికి కొట్టాల్సిన గంట

కాదు పిన్నీ, నన్నడక్కుండా ఆ మాటెలా ఇచ్చేశావు? బాబాయ్ సంవత్సరీకానికి దీపం మణికుమారే పెడతాడని బస్తీ అంతా చెప్పుకొచ్చావంట. కింద టీ కొట్టువాడిక్కూడా తెలుసు. తెలియందల్లా నాకే.

ఆ గిన్నె అక్కడ పెట్టకు, వైర్లున్నాయి. ఇటివ్వు. ఏటిది, నెత్తళ్ల కూరా? రేవు దగ్గర్నుంచి అబర్డీన్ బజార్ దాకా బస్సులో ఒళ్లో పెట్టుకుని వచ్చావా? ఆ మోకాళ్లతో ఇన్ని మెట్లెక్కి?

కూర్చో. స్టూలు ఊగుతుంది, నా కుర్చీలో కూర్చో. నేను నిలబడతాలే.

నేను పెట్టను పిన్నీ, ఆ దీపం. బస్, ఇంక అంతే. అలా చూడకు. మీకు పిల్లల్లేరు, నిజమే. నాన్న పోయాక నన్ను భుజాన మోసుకుని తిప్పింది జోగులు బాబాయే, అదీ నిజమే. ఈత నేర్పింది ఆయనే. మర్చిపోయాననుకున్నావా? మర్చిపోలేకే కదా ఏడాదిగా మీ వీధి వైపు రాలేదు. పని ఒత్తిడని చెప్పాను. ఏం పని? ఇక్కడే కూర్చుని గోడ చూసేవాణ్ణి.

నీ మేకుల పలక గుర్తుందా అనడిగితే నవ్వుతావు. ఇరవై ఏళ్లు కాశావు దాన్ని. వేటకి డోంగీ, పడవ, బయల్దేరేటప్పుడు ఎవడి రేకు బిళ్ల వాడు మేక్కి తగిలించాలి, తిరిగొచ్చాక తీసుకోవాలి. మధ్యాహ్నానికి ఏ బిళ్ల ఇంకా వేలాడుతుందో చూసి నువ్వు కేకేసేదానివి. బాబాయ్‌ది ఏడో నంబరు. ఒకసారి తీసుకోవడం మర్చిపోయి ఇంటికెళ్లి పడుకుంటే, రేవంతా వెతికించి, ఆఖరికి మంచం మీద దొరికితే చీపురు తిరగేశావు. ఇప్పటికీ చెప్పుకుంటారు.

నేనొచ్చి జాలర్ల సొసైటీలో కంప్యూటర్ పెట్టాను. ఎండలో ఈ కాపలా ఎందుకు నీకు, గంట అదే కొడుతుందన్నాను. పన్నెండుకి రావాల్సిన డోంగీ రెండైనా రాకపోతే గంట మోగుతుంది, సొసైటీలో దాని ముందు కూర్చునే సుష్మ గస్తీ బోటువాళ్లకి ఫోన్ చేస్తుంది. నువ్వేమన్నావు? పలక కూడా ఉండనీరా, దాని దారిన అదుంటుంది అన్నావు. నేను వినలేదు. పలకుంటే వెళ్లిన డోంగీల లెక్క కంప్యూటర్‌లో ఎవరూ ఎక్కించరని ఊడబీకించాను. ఇంకోటి కూడా చెప్పాను నీకు. గుర్తుందా? గంట కొట్టేదాకా గాబరా పడకు పిన్నీ అన్నాను.

ఉండు, చెప్పనీ. ఏడాది పట్టింది ఈ మాట దాకా రావడానికి.

ఆ ప్రోగ్రామ్ నేను రాసిందే. అందులో ఏం రాశానో దాచుకోలేదు, మొత్తం నెట్‌లో పెట్టేశాను. ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, చదవొచ్చు, తప్పుంటే దిద్దొచ్చు. నేను పని చేసేది లినక్స్ మీద, కంప్యూటర్‌ని నడిపించేది అదే. అదీ అంతే, పదిమందీ కలిసి రాసుకున్నది. దాని మీద నాకెంత పిచ్చంటే, దాని బదులు కంపెనీ అమ్మే విండోస్ వాడేవాణ్ణి చూస్తే జాలిపడేవాణ్ణి. హా, నవ్వొస్తుంది కదా. మనిషికి ఇలాంటి వాటిల్లో కూడా కులాలుంటాయి. కానీ సొసైటీ ప్రింటర్ విండోస్‌లోనే పలుకుతుంది. అంచేత సొసైటీలో పెట్టిన ఆ ల్యాప్‌టాప్‌లో రెండూ ఉంచాల్సొచ్చింది. ఒకటి మూసి ఇంకోటి తెరవడమే. నా ప్రోగ్రామ్ కూడా రెండింట్లో నడిచేలా రాశాను. విండోస్‌ది మాత్రం ముక్కు మూసుకుని రాశాను.

ఒక ఇంట్లో రెండు కాపురాలు, గోడ గడియారం ఒకటే అనుకో. లినక్స్ దానికి లండన్ టైము పెట్టి, మన అయిదున్నర గంటలు మనసులో కలుపుకుంటుంది. తర్వాత విండోస్ తెరిస్తే, గోడ మీదున్నదే మన టైమనుకుంటుంది. మతలబ్, అంటే అయిదున్నర గంటలు వెనక. నెట్ ఉంటే కాసేపటికి సర్దుకుంటుంది. నెట్ లేకపోతే అంతే.

ఇది నాకు తెలుసు పిన్నీ. ముందే తెలుసు.

మాయాబందర్‌లో ధనరాజని ఒకతను. ఎప్పుడూ చూడలేదు అతన్ని. అక్కడి జెట్టీ దగ్గర నా ప్రోగ్రామే వాడుకుంటున్నాడు. బాబాయ్ పోవడానికి మూడు నెలల ముందు నెట్‌లో నాకు రాశాడు. భయ్యా, రెండూ ఉన్న మెషీన్‌లో టైము వెనక్కి పోతోంది, గంట ఆలస్యంగా కొడుతోంది, కొంచెం చూడండి అని. ఊరికే ఫిర్యాదు చేసి వదల్లేదు. దిద్దుబాటు కూడా రాసి పంపాడు. పన్నెండు లైన్లు. గడియారం వెనక్కి జరిగితే ప్రోగ్రామ్ పసిగట్టి అరుస్తుంది, అంతే.

నాకు ఒళ్లు మండింది. ఎవరో చేసిన కంపుకి నా ప్రోగ్రామ్‌లో మందు పెట్టాలా అనుకున్నాను. లినక్స్ పద్ధతే సరైంది, విండోస్ వాళ్లు మారాలి గానీ నేనెందుకు మారాలి? ఒక్క ముక్క రాసి పారేశాను. అతను మళ్లీ మాట్లాడలేదు పాపం. నాది కాపీ తీసుకుని, తనది తను దిద్దుకుని వాడుకుంటున్నాడు. మాయాబందర్‌లో గంట సరిగ్గానే కొడుతోంది.

ఆ రోజు వాన. పొద్దున్నుంచి నెట్ లేదు. తెల్లవారుజామున డోంగీలన్నీ లినక్స్‌లోనే ఎక్కించింది సుష్మ. తర్వాత డీజిల్ కాగితాలు ప్రింట్ తియ్యాలని విండోస్ తెరిచింది, అందులోనే ఉండిపోయింది. టైము తేడాగా ఉందని చూసింది కూడా. పాత ల్యాప్‌టాప్ కదా, లోపలి గడియారం సెల్లు పోయుంటుందనుకుంది. రెండింటికి కొట్టాల్సిన గంట ఏడున్నరకి కొట్టింది. మన దగ్గర అయిదింటికే చీకటి.

నువ్వు ఒంటిగంటకి ఓసారి, మూడింటికోసారి ఆఫీసుకెళ్లావంట. గంట కొట్టలేదుగా ఆంటీ అందంట సుష్మ. తిరిగొచ్చేశావు. ఎందుకొచ్చేశావు పిన్నీ? ఇరవై ఏళ్లు గొంతు పోయేలా అరిచినదానివి, ఆ ఒక్క రోజు ఎందుకు నోరు మూసుకున్నావు? నేను చెప్పాననే కదా.

ఆ రోజు బాబాయ్‌తో డోంగీలో వెళ్లిన అప్పయ్య నీకు పూర్తిగా చెప్పలేదు. నాకు చెప్పాడు. బోల్తాపడ్డ డోంగీని పట్టుకుని ఇద్దరూ వేలాడారంట. వెలుగున్నంతసేపూ మన కొండ కనిపిస్తూనే ఉందంట. బాబాయ్ ధైర్యం చెబుతూనే ఉన్నాడంట వాడికి. "వచ్చేస్తార్రా. ఈపాటికి మా తవిటి కేకేసుంటుంది" అని. చీకటి పడ్డాక చెయ్యి జారిపోయిందంట. మర్నాడు పొద్దున అప్పయ్య ఒక్కడే దొరికాడు.

నీళ్లు తాగు. ఇదిగో.

తర్వాత సొసైటీ మీటింగులో అందరూ సుష్మని పట్టుకున్నారు, గడియారం చూసుకోలేవా అని. నువ్వూ తిట్టావు. ఆ పిల్ల ఏడుస్తూ ఉద్యోగం మానేసి మిన్నీ బేలో అక్క దగ్గరికెళ్లిపోయింది. నేను ఆ మీటింగులో ముందు వరసలో ఉన్నాను. ఠీక్ హై, కొత్త సెల్లు వేస్తానన్నాను. అంతే అన్నాను. ఇంటికెళ్లి ధనరాజు పంపిన పన్నెండు లైన్లూ నా దాంట్లో అతికించాను. పావుగంట పట్టింది. పావుగంట, పిన్నీ.

నీ పలక నేను పారెయ్యలేదు. ఆ బీరువా వెనకుంది. బిళ్లలన్నీ ఉన్నాయి, ఏడోది కూడా. వెళ్లేటప్పుడు ఆటోలో పెట్టిస్తాను, తీసుకెళ్లి రేవులో కొట్టించు. సుష్మకి ఒక్కసారి ఫోన్ చెయ్యి. దాని తప్పు లేదని నీ నోటితో చెప్పు. కూర కూడా తీసుకెళ్లిపో, నాకు దిగదు.

ఏటన్నావు? ఇది ఇంకెవరికైనా తెలుసా అనా?

దాచిందేమీ లేదు పిన్నీ. నెట్‌లో అలాగే ఉంది, తేదీతో సహా. ధనరాజు అడిగింది పైన, నేను రాసింది కింద. "ఇది మా ప్రోగ్రామ్ తప్పు కాదు. ఈ ఫిర్యాదు మూసేస్తున్నాను." తుడిచేద్దామని చాలాసార్లు కూర్చున్నాను, చెయ్యి రాలేదు. ఏ దేశంవాడైనా తెరిచి చదువుకోవచ్చు. నీకు చదువు రాదు. ఏడాదిగా ఆ ఒక్క ధైర్యంతోనే బతుకుతున్నాను.