కల్లం మీద కాళ్లు

దర్శి దాటాక ఒక మిరప కల్లం. ఆరబోసిన కాయల పక్కన కూతురు గజ్జెలు కట్టుకుంటోంది. అదే కల్లంలో కూలిపని చేసే తల్లి ఆమె కాళ్ల దగ్గర కూర్చుంది.

“అమ్మా, పత్తి చేలోకి పోదాం. ఫొటోలు తీసే కరుణాకర్ అన్న అక్కడైనా బాగానే వస్తాయన్నాడు.”

“ఇక్కడే తీయించుకుంటానని నెల్రోజుల్నుంచి నా బుర్ర తిన్నావుగా?”

“కల్లం ఆసామి ఫోన్ చేశాడు. పక్కన నిలబడి తీసుకోమన్నాడు. కాయల మీద కాలు పెడితే ఊరుకోడంట.”

“ఏం, పెడితే ఏమైద్దంట?”

“తినే సరుకంట.”

“ఇరవై ఏళ్లుగా ఆ సరుకుని కాళ్లతో తిరగేసేది ఎవరే? నేనేమన్నా గాల్లో నడిచానా?”

“అది పని. ఇది డాన్సు.”

“ఆ మాట నీదా, ఆయనదా?”

“ఆయనదే.”

“అయితే ఆయన్నే అననీ. కాలు ఇటు పెట్టు, కొబ్బరినూనె రాస్తా.”

“వద్దమ్మా, పారాణి చెదిరిపోద్ది.”

“పోతే పోనీ. నూనె లేకపోతే సాయంత్రానికి మంటెత్తి ఏడుస్తావు. కింద అంత ఎరుపుండగా నీ పారాణి ఎవరు చూస్తారే?”

“రేపట్నుంచి నిన్ను పనికి రావద్దంటే?”

“కోతలప్పుడు మనుషులు దొరక్క బండేసుకుని మనింటికొచ్చేది ఆయనే.”

“అదిగో, ఆయన బండే వస్తోంది.”

“రానీ. గజ్జెలు గట్టిగా బిగించుకో. నేను కాయలు తిరగేస్తుంటా, నువ్వు నా పక్కనే ఆడు. ముందు ఎవరి కాళ్లు కాయల మీంచి తియ్యమంటాడో చూద్దాం.”