మూడో కొండ

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగి నెల దాటింది. ఇంట్లో అందరూ బాబా అని పిలిచే యజమానిని సైనికులు పట్టుకుపోయి పది రోజులైంది; మామా అని పిలిచే ఆయన భార్య, ఇద్దరు పిల్లలు, ఇద్దరు పనివాళ్ళు మిగిలారు. వంటగదిలో డ్రైవరు కారు తాళాలు తిప్పుతూ, నిలబడలేక నిలబడ్డాడు. వంటామె రొట్టెలు కాలుస్తోంది. ఇద్దరిదీ కడప పక్క.

"జోర్డాన్‌కు పోయే బస్సు రేపు పొద్దున్నే ఖైతాన్ నుంచి కదులుతాదంట. మూట కట్టుకో అక్కా."

"పిల్లోళ్ళు ఇంకా కొండ తేల్చలేదు నాయనా."

"ఏం కొండ?"

"మామా కన్నతల్లి గదా, నిజం చెప్పలేకపోయింది. చలికాలం మంచు మీద పోయే స్కూటర్లు నడిపేదానికి జాగా చూడను మీ బాబా పోయినాడనింది. స్విస్ కొండలా, టర్కీ కొండలా, మీరిద్దరూ ఒక మాట మీదికొస్తే వచ్చి తీసకపోతాడనింది."

"ఇద్దరూ ఒక మాట మీదికొస్తే?"

"రానీకుండా చూసుకుంటాండా. పెద్దోడు టర్కీ అంటే, చిన్నదానికి స్విస్ బొమ్మలు చూపిస్తా."

అతను కిటికీలోంచి వీధి చూసొచ్చాడు.

"ఎన్ని దినాలిట్ల?"

"నిన్న ఇద్దరూ టర్కీ అనేసినారు. మామా ముఖం చూడలేకపోయినా. అవన్నీ ఏం కొండలు, మా కడప పాలకొండల్లో మంచు చూడాల అనేసినా. మళ్ళీ కొట్లాడుకుంటాండారు."

"పాలకొండల్లో మంచు యాడిదక్కా?"

"నేనొక్కదాన్నే చెప్తే నమ్మేట్టు లేరు. పోయే ముందర నువ్వూ చూసినావని ఒక మాట చెప్పిపో."

అతను తాళాలు మేకుకు తగిలించాడు.

"మంచు ఎంత లోతు పడతాదని చెప్పేది?"